పదకొండు ఫోన్లు, ఒకే గంప

విశాఖపట్నం వెళ్ళొచ్చానంటే మా చీరాలలో అందరూ అడిగింది ఒకటే: "సముద్రం చూశావా?" సముద్రం మా ఊరి పక్కనే ఉంది. దానికోసం రాత్రంతా రైల్లో వెళ్ళక్కర్లేదు. నేను చూడ్డానికి వెళ్ళింది పదకొండు మంది ఆడవాళ్ళను. ఈ మాట ఇంట్లో చెప్పేటప్పుడు మాత్రం కొంచెం జాగ్రత్త పడాల్సి వచ్చింది.

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. మా నాన్నదీ బాబాయిలదీ బట్టల కొట్లు. కొలిచేటప్పుడు గుడ్డను కాస్త లాగి పట్టుకుంటే గజానికి అంగుళం మిగులుతుందని తొమ్మిదో ఏటే నాకు తెలుసు. లెక్కల్ని కూడా అలా లాగి పట్టుకోవచ్చని తెలియడానికి మాత్రం యూనివర్సిటీ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

నా పాత విద్యార్థిని గ్రేస్ విశాఖలో పీహెచ్‌డీ చేస్తోంది. పదిమంది కలిసి చేసే పనికి ఫోన్లూ కంప్యూటర్లూ ఎంతవరకు సాయపడతాయన్నది ఆమె పరిశోధన. చేపల రేవులో పదకొండు మంది ఆడవాళ్ళు పొత్తు కలిసి పడవల దగ్గర వేలంలో సరుకు పాడుకుంటారు. తర్వాత పంచుకుని ఊళ్ళో అమ్ముకుంటారు. గ్రేస్ వాళ్ళ ఫోన్లలో ఒక యాప్ పెట్టింది. ఎవరు ఏ పడవ దగ్గరికి వెళ్ళాలి, ఎంతవరకు పాడాలి, ఎవరి వాటా ఎంత, అన్నీ అందులో రాసుకుంటే పదకొండు మందికీ కనిపిస్తాయి. యాప్ వచ్చాక వాళ్ళ మధ్య గొడవలు తగ్గాయని గ్రేస్ రాసింది. "పదకొండు మందితో ఏం తేలుతుంది?" అని ఆమె గైడ్ మేడం ఆ అధ్యాయాన్ని వెనక్కి పంపింది.

"సార్, నెలాఖరుకి నా స్కాలర్‌షిప్ అయిపోద్ది. ఈలోగా ఈ అధ్యాయం ఒప్పుకుంటే థీసిస్ ఇచ్చేయొచ్చు. లేదంటే నాలుగేళ్ళ చదువూ గాల్లోనే. ఒకసారి రారా?" అంది ఫోన్లో.

"పదకొండు తక్కువేం కాదమ్మా. మాట్లాడించడం తెలిస్తే పదకొండూ మాట్లాడతాయి. వస్తున్నా," అన్నాను. బేరగాడి నోరు కదా, మూత ఉండదు.

మద్దిలపాలెం

స్టేషన్ బయట ఆటో అతను రెండొందలన్నాడు. నేను నూట ఇరవై అన్నాను. అతను గుండె పట్టుకున్నాడు, నేను బ్యాగు పట్టుకుని నడక మొదలుపెట్టాను. ఇరవై అడుగుల తర్వాత వెనక నుంచి ఆటో వచ్చింది.

"ఎక్కు బావా, నూట అరవై ఇయ్యి. నువ్వు గెలిసినావనుకో, నాను ఓడిపోయినాననుకో. ఇద్దరికీ మంచిదే."

మా వైపు పరిచయం లేని మగవాణ్ణి బావా అంటే ఎదురుగా నిలబడి ఏ వరసన అని అడుగుతారు. ఇక్కడ ఆ పిలుపు ఊరందరికీ ఉచితం. అది వినగానే నా బేరం కాస్త మెత్తబడింది. మద్దిలపాలెం లాడ్జిలో దిగి, నూట అరవైకి వచ్చానని గుమాస్తాతో గొప్పగా చెప్పాను. అతను రిజిస్టరు మీంచి తలెత్తకుండానే, "నూట ఇరవైకే తీసుకొత్తారండి," అన్నాడు. మొదట నేనన్న అంకె అదే. దాని దగ్గర నిలబడలేకపోయాను.

గోపాలపట్నం, ఆ సాయంత్రం

గ్రేస్ వాళ్ళిల్లు గోపాలపట్నం బజారు వెనక మేడ మీద. వాళ్ళమ్మ శాంతమ్మ గారు ఒక ఆస్పత్రిలో నర్సు. భోజనం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. అందులో నా పేరు కూడా వచ్చింది. నా ప్రయాణం బాగా జరిగినందుకు స్తోత్రం చెల్లించారు. ఆటో విషయం ఆవిడకు తెలియదు పాపం.

నేను నీచు ముట్టనని నాకోసం విడిగా వండారు. గుమ్మడికాయ పులుసులో ఇంత బెల్లం! మా ఇంట్లో పులుసు నాలుకను కొరుకుతుంది, ఇది బుజ్జగిస్తుంది. మూడుసార్లు వడ్డించుకున్నాను.

తర్వాత గ్రేస్ ల్యాప్‌టాప్ తెరిచింది. ఆరు వారాల పట్టిక. పదకొండు వరసలు, పేర్లకు బదులు ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు. నాలుగో వారంలో పదకొండు గళ్ళూ ఖాళీ.

"ఇదేంటమ్మా?"

"ఆ వారం ఎవరూ ఏమీ రాయలేదు సార్. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాను."

పరిశోధనల్లో ఖాళీలు మామూలే. పూడ్చే పద్ధతులూ ఉన్నాయి. "మిగతా వారాల సగటు తీసి అందులో నింపెయ్. అలా నింపానని కింద చిన్నక్షరాల్లో రాయి, తప్పేం లేదు. ఆరు వారాలూ నిండితే పట్టిక ఎంత బలంగా కనబడుతుందో చూడు," అన్నాను.

నింపింది. నిజంగానే బలంగా కనబడింది. బట్ట తాను మీద చిరుగుంటే, ఆ మడత లోపలికి వచ్చేలా మా బాబాయి తిప్పి పరుస్తాడు. నేను చేసింది కూడా అలాంటిదేనని ఆ పూట నాకు తట్టలేదు.

చేపల రేవు

మర్నాడు పొద్దు పొడిచేసరికి రేవులో ఉన్నాం. ఐసు కరిగిన నీళ్ళలో నా కొత్త చెప్పులు రెండు నిమిషాల్లో పాతవయ్యాయి. వరసగా పడవలు, కిందంతా వెండి కుప్పల్లా చేపలు, కుప్ప కుప్పకీ ఒక గుంపు, గుంపు మధ్యలో ఒక గొంతు అంకెలు పాడుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఇంత వేగంగా సాగే బేరం చూడలేదు. నాకు స్వర్గంలో అడుగు పెట్టినట్టుంది. కాకపోతే స్వర్గం కొంచెం వాసన.

పొత్తులో పెద్దావిడ దేవుడమ్మ. యాభై దాటి ఉంటాయి. ముక్కుకు రెండు వైపులా బేసరులు. అప్పటికే కొన్న సరుకు ముందేసుకుని కూర్చుంది. గ్రేస్ నన్ను పరిచయం చేసేలోపే అడిగింది.

"ఏటి బాబూ, కొంటావా, సూసి ఎల్లిపోతావా?"

ఆవిడ ముందు నిగనిగలాడే కోనాం చేప ఒకటుంది, రెండు కిలోలకు పైమాటే. నేను చేప తినను, నా ఏడు తరాల వాళ్ళూ తినలేదు. అయినా నా నోరు దానంతట అదే లేచింది. "ఎంతేంటి?"

"పద్దెనిమిదొందలు."

"పన్నెండు."

"తీసుకో బాబూ, బోణీ బేరం."

వెంటనే తీసుకో అన్నారంటే మనం ఎక్కువ చెప్పామని అర్థం. అంతకంటే గుండె కోత వర్తకుల బిడ్డకు ఇంకోటి ఉండదు. మాట వెనక్కి తీసుకోలేక పన్నెండొందలూ ఇచ్చి, ఆ చేపను పసిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను.

"మొప్పలు ఎత్తి సూసినావా?" అంది దేవుడమ్మ.

"బాగానే ఉంది కదమ్మా."

"సూడకుండా కొన్నావా! ఓలమ్మో, ఈయనేటే గ్రేసమ్మా, లెక్కలు సూత్తానని వచ్చినాడన్నావు?" చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటే నవ్వు. "బాబూ, పైన కనబడేది మాం సూపించింది. గంప అడుగున సెయ్యి పెట్టి తీసిందే సరుకు."

ఇరవయ్యేళ్ళుగా శాంపిల్ అంటే ఏమిటో పిల్లలకు చెబుతున్నాను. ఇంత తక్కువ మాటల్లో ఎప్పుడూ చెప్పలేకపోయాను.

తలకిందులు ట్రే

వేలం సద్దుమణిగాక పదకొండు మందీ ఒకచోట చేరారు. గోడ పక్కన తలకిందులుగా వేసిన ప్లాస్టిక్ ట్రే మీద ముప్పై ఏళ్ళ నూకరత్నం కూర్చుని ఉంది. పొత్తులో మనిషి కాదు, వాళ్ళకు చేదోడుగా ఉంటుంది. దేవుడమ్మ వెళ్ళి బొడ్డులోంచి ఫోను తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. పెడుతూ పక్కనున్న గంపలో ఒక కానాగంత చేప పడేసింది. వెనకే ఇంకొకామె: ఫోను ఒళ్ళోకి, చేప గంపలోకి. ఆ వెనక ఇంకొకామె.

గ్రేస్ కూడా చూస్తూనే ఉంది, కానీ ఆమె చూస్తున్నది ఫోన్లను. వాటిని దాచమని ఇస్తున్నారనే ఇన్నాళ్ళూ అనుకుందట. కొట్టులో పెరిగిన వాడి కన్ను సరుకు ఎటు పోతోందో అటే పోతుంది. ఒకే మనిషి గంపలో పదకొండు మంది పదకొండు చేపలు వేస్తున్నారంటే అది ఊరికే కాదు. అది తరుగో, కమీషనో, కూలో అయి ఉండాలి.

"ఈ చేపలు దేనికమ్మా?" అని అడిగాను.

"రాసినందుకు," అంది నూకరత్నం, బొటనవేళ్ళు ఆపకుండానే. "నాను టెన్తు సదివినాను. ఈళ్ళకి సదువు రాదు కదా. అందరివీ నానే రాత్తన్నాను."

గ్రేస్ ముఖంలో రంగు పోయింది. "అక్కా, అన్ని ఫోన్లలోనూ నువ్వే రాస్తన్నావా? మొదట్నుంచీ?"

"మొదలెట్టిన కాడ్నుంచీ. నువ్వు అడగనేలేదు కదా."

"మరి శనివారం పెట్టే ప్రశ్నలు? గొడవలు ఎన్ని జరిగాయని?"

"అవీ నానే. గొడవలైనాయని రాత్తే ఈళ్ళు నన్ను తిడతారు. అందుకని కొంచెం తగ్గించి రాత్తాను."

"కొంచెమేటి, సానా!" అని దేవుడమ్మ పక్కనుంచి అందుకుంది. మళ్ళీ నవ్వులు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. ఒకే తానులోంచి పదకొండు ముక్కలు చించి పదకొండు రకాల బట్టని అమ్మినట్టే ఇది. మా బజారులో అలా అమ్మితే కొట్టు మూసుకోవాల్సిందే. గ్రేస్ పదకొండు మందిని లెక్కపెట్టాననుకుంది. లెక్కలోకి వచ్చింది రెండు బొటనవేళ్ళు.

అప్పుడు నాకు ఖాళీ వారం గుర్తొచ్చింది. "నాలుగో వారంలో ఏమీ రాయలేదేం?"

"మా పిన్నోళ్ళూరు ఎల్నాను, పూడిమడక. అమ్మోరి పండగ."

"ఆ వారం ఇక్కడ పని ఎలా సాగింది?"

పదకొండు మందీ ఒక్కసారిగా మాట్లాడారు. అందరినీ అదిలించి దేవుడమ్మ చెప్పింది.

"ఏటి సాగింది బాబూ, నా తలకాయి! ఒకే పడవ కాడ అటేపు నానున్నాను, ఇటేపు పైడితల్లి ఉంది. మజ్జిన జనం. నాను ఇంకెవుర్తో పాడతంది అనుకుని పెంచతన్నాను, అదీ పెంచతంది. మా మీద మావే పాడేసుకున్నాం! పడవోడు నవ్వుకుని డబ్బులట్టుకెల్లిపోయినాడు. ఇద్దరం జుట్లు పట్టుకున్నాం. రెండ్రోజులు పొత్తు ఇడిపోయింది."

"ఫోన్లు ఉన్నాయి కదా అప్పుడు కూడా?"

"బొడ్డులోనే ఉన్నాయి. ఉంటే ఏటి? ఈ పిల్ల ఉంటే అందరినీ గట్టిగా అడిగి రాత్తాది. దేవుడమ్మప్పా రేపు నువ్వు ఏ పడవ, పైడితల్లొదినా నువ్వెంతదాకా అని. అడిగినప్పుడు అందరం ఇంటాం కదా. ఇన్నాక ఇంక గొడవేటి?"

యాప్ ప్రమేయం లేదని నేననను, ఉంది. దానివల్లనే నూకరత్నానికి ట్రే మీద కూర్చుని అందరినీ అడిగే హక్కు వచ్చింది. కానీ పనిని నడిపింది ఆమె గొంతు. ఆ గొంతు లేని ఒకే ఒక్క వారాన్ని, ఆరు వారాల్లోనూ అన్నిటికంటే విలువైన వారాన్ని, నేను దగ్గరుండి సగటుతో పూడ్పించాను.

మళ్ళీ గోపాలపట్నం

ఆటోలో గ్రేస్ నా పక్కన కూర్చుంది. చేప నా ఒళ్ళో ఉంది. ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక మెల్లగా అంది.

"సార్, మనం ఇవాళ రేవుకెళ్ళలేదనుకుంటే?"

నిజం చెప్పాలి. అనుకుందాం అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత చిన్న మాట! పట్టిక సిద్ధంగా ఉంది, బలంగా ఉంది, నెలాఖరు దగ్గర పడింది. నాలుక చివర మాటను అలాగే పట్టుకుని ఇల్లు చేరాను.

చేపను చూసి శాంతమ్మ గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"మీరు తినరన్నారు కదండీ?"

"తిననండీ."

"మరిదేటండీ?"

"అలవాటండీ."

ఎంతకు కొన్నానో అడిగారు. చెప్పాను. మర్యాదగల మనిషి, లోపలికి వెళ్ళాకే నవ్వారు.

కోనాం ముక్కలు వేగుతుండగా గ్రేస్ వంటింటి గుమ్మంలో కూర్చుని తల్లికి అంతా చెప్పింది. పదకొండు ఫోన్లు, ఒక నూకరత్నం, ఖాళీ వారం, నా సలహా. ఆవిడ అట్లకాడ తిప్పుతూనే విన్నారు.

"నాకు మీ చదువు తెలీదు గానీ, ఒక మాట అడుగుతాను," అన్నారు నావైపు తిరిగి. "మా వార్డులో బెడ్డు మీద పేషెంటు లేడనుకోండి. టెంపరేచరు ఎంతని రాత్తామండీ? పక్క బెడ్లోళ్ళందరిదీ కలిపి భాగించి రాసేత్తామా?"

నేను నా పప్పన్నం వైపు చూసుకున్నాను.

"లేడని రాత్తాం. ఎక్కడికెళ్ళాడో వెతుకుతాం," అన్నారావిడ, ముక్క తిరగేస్తూ.

గ్రేస్ లేచి వెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచింది. నాలుగో వారంలో నింపిన అంకెలను ఒక్కొక్కటే తుడిచింది. పదకొండు గళ్ళు. నేను పక్కన నిలబడి చూశాను.

"రేపు మేడంకి నేనే చెప్తాను సార్. మీరు మాత్రం బేరం ఆడకండి," అంది.

రుషికొండ

మేడం గది కొండ మీది క్యాంపస్‌లో. కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. చీరాలలో అందరూ అడిగిన సముద్రాన్ని నేను తీరిగ్గా చూసింది అప్పుడే.

"పదకొండు తక్కువ అన్నాను. పెంచుకొచ్చావా?" అని అడిగింది మేడం.

"తగ్గించుకొచ్చాను మేడం."

"ఎంతకి?"

"ఒకటికి."

మేడం కళ్ళజోడు తీసింది. గ్రేస్ అంతా చెప్పింది. గంపలో చేపల దగ్గర మొదలుపెట్టి, జుట్లు పట్టుకున్న దాకా, ఏదీ దాచకుండా. సగటుతో నింపమన్నది ఎవరని మేడం అడిగితే, గ్రేస్ నోరు తెరిచేలోపే నేను చెయ్యెత్తాను. ఉద్యోగంలో చేరాక మేష్టారి ముందు చెయ్యెత్తడం అదే మొదలు.

"ఈ అధ్యాయం పనికిరాదు," అంది మేడం చివరికి. గ్రేస్ తల ఊపింది. "యాప్ వల్ల గొడవలు తగ్గాయన్న మాట కొట్టెయ్. మళ్ళీ రాయాలి. కనీసం ఆర్నెల్లు అక్కడ కూర్చుని చూడాలి. స్కాలర్‌షిప్ నేను పొడిగించలేను, అది నా చేతుల్లో లేదు."

"తెలుసు మేడం."

మేడం పట్టికను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఖాళీ గళ్ళ మీద పెన్ను మొనతో రెండుసార్లు తట్టింది. "ఇది మాత్రం తీసెయ్యకు. కొత్త అధ్యాయం ఇక్కడే మొదలుపెట్టు."

బయటికొచ్చి బీచి రోడ్డు మీద మురీ మిక్చర్ కొన్నాం. మా వైపు మరమరాలంటే ఉల్లిపాయ, కారం, అంతే. ఇక్కడ టమాటా, నిమ్మరసం, వేరుశనగలు, ఏదో మసాలా, ఇంకా ఏవేవో కలిపి గిన్నెలో గరిటె మోగించి మరీ ఇస్తారు. పొట్లం నలభై. ఇచ్చేశాను. గ్రేస్ నావైపు వింతగా చూసింది.

"బేరం ఆడలేదేం సార్?"

"ఈ ఊళ్ళో నా సంగతి ఆటోవాడికీ, దేవుడమ్మకీ తెలిసిపోయింది. ఇతనికి కూడా ఎందుకు?"

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నెలాఖరు తర్వాత మద్దిలపాలెంలో ఏదో కోచింగ్ సెంటర్లో సాయంత్రాలు లెక్కలు చెబుతానంది. ఉదయాలు రేవులో. నాలుగేళ్ళు గాల్లో కలిసినట్టేనా అని అడగలేకపోయాను. ఆమే అంది: "అమ్మకి చెప్పేశాను సార్. పేషెంటు దొరికాడు కదా, ఇంక చూడాల్సిందే అంది."

చీరాల, తిరిగొచ్చాక

ఇది రాస్తుండగా మొన్న గ్రేస్ ఫోన్ చేసింది. నూకరత్నానికి జ్వరమొచ్చి రెండు రోజులు రేవుకు రాలేదట. ఆ రెండు రోజులూ ట్రే మీద గ్రేస్‌నే కూర్చోబెట్టారట. ఎలా అడగాలో, ఎవరిని ముందు అడగాలో దేవుడమ్మ దగ్గరుండి నేర్పిందట. గొడవ జరగలేదట. పదకొండు చేపలు గంపలో పడ్డాయట.

తర్వాత నూకరత్నం గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "సార్, గ్రేసమ్మ మీరు కూడా మా గురించి ఏదో రాత్తన్నారని సెప్పింది. రాసినోళ్ళకి సేప ఇవ్వాలి కదా. మీరు తినరని మీ వాటా గ్రేసమ్మోళ్ళమ్మకి ఇచ్చీసినాను. పెద్దదే ఇచ్చినాను. మొప్పలు ఎత్తి సూసే ఇచ్చినాను."

ఆ సాయంత్రం గ్రేస్ మళ్ళీ చేసింది, గొంతులో పాత హుషారు. "సార్, ఒకరే ఉండేవారు కదా. ఇప్పుడు నేను కూడా రాశాను. అంటే రాసేవాళ్ళు ఇద్దరయ్యాం!"

సంతోషమే. కానీ కొట్టులో పెరిగిన వాణ్ణి, ఆ హుషారు ఎక్కడికి దారి తీస్తుందో నాకు తెలుసు.

"రాసుకోమ్మా," అన్నాను. "శాంపిల్ రెట్టింపు అయిందని మాత్రం రాయకు."